పేలుడు తర్వాతి పద్దు

(హైదరాబాద్ బాంబు పేలుళ్ళ మృతుల స్మృతిలో యాలాల్‌లో చేసిన ఉపన్యాసం)

హైదరాబాద్ పేలుళ్ళలో పోయినవాళ్ళ పేరిట సభ పెట్టడానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యాలాల్ ఎందుకని ఇక్కడికి వచ్చేముందు ఒకరిద్దరు నన్ను అడిగారు. వాళ్ళకు చెప్పిన జవాబే మీకూ చెప్పి మొదలుపెడతాను.

2013 ఫిబ్రవరి 21న సాయంత్రం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు సైకిళ్ళకు కట్టిన బాంబులు నిమిషాల తేడాతో పేలాయి. ఒకటి ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర, ఇంకొకటి 107 నంబరు బస్టాప్ దగ్గర. 18 మంది చనిపోయారు, 131 మంది గాయపడ్డారు. రెండు చోట్ల మధ్య దూరం నడిస్తే రెండు నిమిషాలు. అయినా ఒక కేసు మలక్‌పేట ఠాణాలో, ఇంకొకటి సరూర్‌నగర్ ఠాణాలో నమోదైంది. సరూర్‌నగర్ మండలం అప్పుడు రంగారెడ్డి జిల్లాలోది. యాలాల్, తాండూరు, వికారాబాద్ కూడా ఆ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడేదాకా మనకూ సరూర్‌నగర్‌కూ కలెక్టర్ ఒక్కరే. అంటే ఆ సాయంత్రం పేలిన రెండింట్లో ఒకటి మన జిల్లాలోనే. పైగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరుంటారు? డీఎస్సీకనీ, గ్రూప్స్‌కనీ, బ్యాంకు పరీక్షలకనీ ఊళ్ళ నుంచి వెళ్ళి హాస్టల్ గదుల్లో ముగ్గురూ నలుగురూ సర్దుకుని ఉండే పిల్లలు ఉంటారు. సాయంత్రం కోచింగ్ క్లాసు అయ్యాక మిర్చీ బండి దగ్గర నిలబడేది వాళ్ళే. అందుకే ఈ సభ ఇక్కడ జరగడం నాకు సబబుగా తోస్తుంది.

నా ఉద్యోగ జీవితమంతా ట్రెజరీ బిల్లుల మధ్య గడిచింది. రాజకీయం గురించి, నేరం గురించి మాట్లాడే అర్హత నాకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ప్రభుత్వ సొమ్ము కదిలే దారి. ప్రభుత్వం ఒక పనిని నిజంగా తన పనిగా భావిస్తోందా లేదా అన్నది మంత్రుల ప్రసంగాల్లో కనిపించదు, బడ్జెట్ పుస్తకంలో ఆ పనికి పద్దు ఉందా లేదా అన్న దగ్గర కనిపిస్తుంది. పద్దు ఉంటే దానికి అధికారి ఉంటాడు, మార్చి నెలాఖరుకు లెక్క చెప్పాల్సి వస్తుంది, శాసనసభలో ప్రశ్న పడుతుంది. పద్దు లేని పని ఎవరి దయ మీదో నడుస్తుంది.

పోలీసులకు 2055 అనే పెద్ద పద్దు ఉంది. పోలీసు భవనాలకు, పరికరాలకు మూలధన వ్యయం కింద 4055 ఉంది. కాగ్నా నది పొంగి పొలాలు మునిగితే, ఇళ్ళు కూలితే, ప్రాణాలు పోతే 2245 ఉంది, ప్రకృతి వైపరీత్యాల సహాయం. దాని వెనుక రాష్ట్ర విపత్తు స్పందన నిధి ఉంది, ఆ నిధికి నియమాలు ఉన్నాయి. వరదలో మనిషి చనిపోతే నాలుగు లక్షలు అని 2015 నుంచి రాసే ఉంది. తహసీల్దారు పంచనామా రాస్తే చాలు, ఎంత ఇవ్వాలో ఎవరూ ఆలోచించనక్కరలేదు. మరి బాంబు పేలి మనిషి చనిపోతే? ఆ మనిషి పేరుతో పెద్ద పద్దు లేదు. సాంఘిక భద్రత అనే 2235లో ఏదో చిన్న పద్దు కిందనో, ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచో, ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి నుంచో సొమ్ము వస్తుంది. ఈ సహాయ నిధులు రెండూ దాతల విరాళాలతో నడిచేవి. ప్రధానమంత్రి నిధి 1948 జనవరిలో దేశ విభజన కాందిశీకుల కోసం పుట్టింది. అది ఎన్నో కుటుంబాలను ఆదుకుంది, దాన్ని తక్కువ చేయను. కానీ బాధితుడు అక్కడ హక్కుదారుగా నిలబడలేడు, అర్జీదారుగానే నిలబడతాడు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. అత్యవసరంలో డబ్బు కదలడానికి మన వ్యవస్థలో దారి లేకపోలేదు. ట్రెజరీ కోడ్‌లో 27వ నిబంధన ఉంది, మా శాఖలో దాన్ని టీఆర్ 27 అంటాం. కలెక్టర్ రాతపూర్వకంగా ఆదేశిస్తే మామూలు నిబంధనలన్నీ పూర్తికాకపోయినా ట్రెజరీ అధికారి సొమ్ము చెల్లించాలి. కలెక్టర్ ఆ సంగతి వెంటనే పైకి, అకౌంటెంట్ జనరల్‌కు తెలియజేయాలి. తుఫానుల్లో, వరదల్లో దీన్ని వాడారు. రాజ్యాంగంలో 267వ అధికరణం కింద ఆకస్మిక నిధి ఉంది, 205వ అధికరణం కింద అనుబంధ పద్దులు ఉన్నాయి. మొదటి రోజు డబ్బు తీయడానికి దారులకు లోటు లేదు. లోటంతా రెండో నెలలో, మూడో ఏట, పదో ఏట.

2007కు వద్దాం. మే 18, శుక్రవారం. మక్కా మసీదులో ప్రార్థన వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. మూడు నెలలు దాటగానే ఆగస్టు 25న లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవాళ్ళ మధ్య ఒకటి, కోఠీ గోకుల్ చాట్ దగ్గర ఒకటి పేలాయి. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా పోయారు. లుంబినీలో పోయినవాళ్ళలో మహారాష్ట్రలోని సంగమ్‌నేర్ నుంచి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన కింద పెట్టిన మూడో బాంబు పేలకుండా దొరికింది. ఐదున్నరేళ్ళ తర్వాత ఆ దిల్‌సుఖ్‌నగరే మళ్ళీ గురి అయింది.

ఆ దాడుల తర్వాత భద్రత కోసం ప్రభుత్వాలు చేసింది తక్కువేమీ కాదు. 2007లోనే ఉగ్రవాద నిరోధానికి ప్రత్యేకంగా ఆక్టోపస్ దళం ఏర్పడింది. ముంబయి దాడుల తర్వాత 2009లో జాతీయ భద్రతా దళం ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌కు వచ్చింది. 2013లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ప్రజా భద్రత చట్టం చేసింది. ఒకేసారి వంద మంది, లేదా రోజుకు ఐదు వందల మంది వచ్చే దుకాణాలు, సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకోవాలని, ఆ దృశ్యాలను నెల రోజులు దాచాలని ఆ చట్టం చెప్పింది. తర్వాత ‘నేను సైతం’ పేరుతో కాలనీలవాళ్ళు, పల్లెల్లో గ్రామస్తులు చందాలు వేసుకుని కెమెరాలు కొన్నారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో వందల కోట్ల ఖర్చుతో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది.

ఈ ఖర్చును నేను తప్పుపట్టను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పిల్లను ఉంచిన తల్లికి ఆ వీధిలో కెమెరా పనిచేస్తుంటేనే నిద్ర పడుతుంది. నేను గమనించింది వేరే సంగతి. ఒక్కొక్క దాడి తర్వాత భద్రతకు ఒక సంస్థో, ఒక చట్టమో, ఒక భవనమో మిగిలింది. వాటికి సిబ్బంది ఉన్నారు, ఏటా పద్దు ఉంది. అదే దాడిలో కాలు పోయినవాడికి మిగిలింది ఒక పత్రికా ప్రకటన. దిల్‌సుఖ్‌నగర్ ఘటన తర్వాత మృతుల కుటుంబాలకు రాష్ట్రం ఆరు లక్షలు, ప్రధానమంత్రి నిధి నుంచి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడినవాళ్ళకు 50 వేలు అని ప్రకటించారు. ఆస్పత్రి ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుందన్నారు. ఆ రోజుకు ఆ మాటలు అవసరం. అప్పుడు గాయాలకు కట్లు కడుతున్నారు, ఇంకా ఏ లెక్కా తేలలేదు. కానీ గాయపడిన మనిషి బతుకు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున మొదలవుతుంది.

బాంబు పేలినప్పుడు ముందుగా దెబ్బతినేది చెవి. గాలి ఒత్తిడికి కర్ణభేరి చిరుగుతుంది. బయటికి గాయం కనపడదు, ఆ గందరగోళంలో మొదటి రోజు చాలామంది చెప్పుకోరు కూడా. మేకులు, ఇనుప ముక్కలు ఒంట్లోకి దిగితే అన్నీ తీయడం కుదరదు. వెన్నుపూసకు దగ్గరగా ఉన్నదాన్ని తీయడం కంటే వదిలేయడమే మేలని వైద్యులు అంటారు. ఏళ్ళు గడిచాక అది నొప్పి పుట్టిస్తుంది, మళ్ళీ ఆపరేషన్ అంటారు. కృత్రిమ కాలు ఒకసారి పెట్టించుకుంటే జన్మంతా సరిపోదు, కొన్నేళ్ళకోసారి మార్చాలి. టపాసు పేలితే ఉలిక్కిపడి పనిలోంచి పారిపోయేవాడికి ఏ సర్టిఫికెట్టూ ఉండదు. ఆరోగ్యశ్రీ కూడా 2007లోనే మొదలైంది, మన రాష్ట్రంలో దాని పరిమితి ఇప్పుడు పది లక్షలు. ఆపరేషన్ బల్లదాకా అది గొప్ప ఆసరా. ఆ తర్వాత పనిలేని ఆరు నెలలకు ఇంట్లో పొయ్యి వెలిగించే పథకం మాత్రం అది కాదు.

కేంద్ర హోం శాఖ ఈ లోటును గుర్తించకపోలేదు. 2008 ఏప్రిల్ 1 నుంచి ఉగ్రవాద, మత హింసల్లో బలైన పౌరుల కుటుంబాలకు సహాయం అనే పథకం తెచ్చింది. మరుసటి ఏడు నక్సల్ హింసను కూడా అందులో కలిపారు. మొదట మూడు లక్షలు, 2016లో ఐదు లక్షలు చేశారు. రాష్ట్రం ఎంత ఇచ్చినా, ఇంకెవరు ఏమిచ్చినా దానితో నిమిత్తం లేకుండా ఇది ఇస్తారు. జిల్లా స్థాయి కమిటీ అర్హుల్ని తేలుస్తుంది. సొమ్మును జాతీయ బ్యాంకులో మూడేళ్ళు ఫిక్సెడ్ డిపాజిట్‌గా ఉంచి వడ్డీని మూడు నెలలకోసారి కుటుంబం ఖాతాలో వేయాలని రాశారు. చదువురాని విధవరాలి చేతికి ఒకేసారి పెద్ద మొత్తం వస్తే చుట్టుపక్కలవాళ్ళు ఏం చేస్తారో ఊళ్ళో పుట్టినవాళ్ళకు తెలుసు. ఆ నిబంధన రాసినవాళ్ళు బతుకు తెలిసినవాళ్ళు. వాళ్ళను నేను మెచ్చుకుంటాను.

కానీ ఆ పథకంలో ఒక గీత ఉంది. చనిపోతే సాయం, లేదా శాశ్వత వైకల్యం 50 శాతమో, అంతకు మించో ఉంటే సాయం. 45 శాతం అయితే ఏమీ లేదు. మన దగ్గర వికలాంగుల పింఛనుకు చాలా రకాల వైకల్యాల్లో, వైకల్యాన్ని కొలిచే సదరం క్యాంపులో 40 శాతం తేలితే చాలు. అంటే ఒక మనిషిని వికలాంగుడని ఒప్పుకుని నెలనెలా పింఛను ఇస్తున్న ప్రభుత్వ వ్యవస్థే, బాంబు వల్ల వికలాంగుడయ్యావా అని అడిగినప్పుడు ఇంకో కొలత పెడుతోంది. ఒక చెవి పూర్తిగా పోయినవాడు ఆ గీత దాటగలడా? రెండు వేళ్ళు పోయిన టైలర్ దాటగలడా? మేస్త్రీ పనివాడికీ, గుమాస్తాకూ ఒకే గాయం ఒకే నష్టం కాదు. తాండూరులో నాపరాయి క్వారీలో బండలు ఎత్తే మనిషికి భుజం పట్టేస్తే అతని సంపాదన మొత్తం పోయినట్టే, సర్టిఫికెట్‌లో ఇరవై శాతమే పడినా సరే.

ఇక్కడున్న రైతులకు ఒక పోలిక చెబుతాను, ఇది మీకు నాకంటే బాగా తెలుసు. రైతు బీమా 2018 ఆగస్టులో వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ళ మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు. ఎల్‌ఐసీకి ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. నామినీ పేరు ముందే రాసి ఉంటుంది. ఊళ్ళో ఎవరైనా పోతే వ్యవసాయ విస్తరణ అధికారి ఫారం పట్టుకుని ఇంటికే వస్తారు, పది రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలన్నది నియమం. కౌలురైతుకూ కూలీకీ అందులో చోటు లేకపోవడం పెద్ద అన్యాయం, దాన్ని గురించి ఇంకో సభలో మాట్లాడాలి. అయినా ఆ పథకం నడిచే తీరు చూడండి. ఏ మంత్రీ ఇంటికి వచ్చి ప్రకటన చేయనక్కరలేదు. ఎవరి కులం, ఎవరి పార్టీ, టీవీ కెమెరా వచ్చిందా లేదా, ఇవేవీ అక్కడ పనికిరావు. ఎందుకంటే ఎంత ఇవ్వాలో, ఎవరికివ్వాలో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో మనిషి బతికుండగానే రాసిపెట్టారు. యాలాల్ మండలంలో ఇంత సాఫీగా జరుగుతున్న పని దిల్‌సుఖ్‌నగర్ బాధితుడికి ఎందుకు జరగకూడదు?

రాసిపెట్టకపోతే ఏమవుతుందో పహల్గాం చూపించింది. 2025 ఏప్రిల్ 22న బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. పోయినవాళ్ళలో విశాఖపట్నం మనిషి ఉన్నారు, నెల్లూరు జిల్లా కావలి మనిషి ఉన్నారు. జమ్ము కశ్మీర్ ప్రభుత్వం ఒక్కొక్క కుటుంబానికి పది లక్షలు ప్రకటించింది. మహారాష్ట్ర తన రాష్ట్రం వాళ్ళకు 50 లక్షలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ పది లక్షలు ప్రకటించింది. ఒకే మైదానం, ఒకే మధ్యాహ్నం. చేతికి వచ్చే మొత్తాన్ని తేల్చింది ఆధార్ కార్డు మీద ఉన్న రాష్ట్రం పేరు. ఎక్కువ ఇచ్చిన రాష్ట్రాన్ని నేను నిందించను, ఇవ్వగలిగింది కాబట్టి ఇచ్చింది. పౌరుణ్ణి కాపాడవలసిన బాధ్యత దేశానిదైనప్పుడు ఆ బాధ్యత తప్పినందుకు చెల్లించే మొత్తం రాష్ట్రానికొకటి ఎలా అవుతుందన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు కాసేపు బయటి దేశాలను చూద్దాం. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన మూడో రోజున అమెరికా కాంగ్రెస్ 40 బిలియన్ డాలర్ల అత్యవసర నిధి బిల్లును ఆమోదించింది. సెనేట్‌లో 96 మంది, ప్రతినిధుల సభలో 422 మంది, వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు. 18న అధ్యక్షుడు సంతకం చేశారు. అది చిన్న చట్టం, రెండు పేజీలు నిండదు. అందులో రెండు సంగతులు ట్రెజరీవాడిగా నన్ను ఆకట్టుకున్నాయి. మొత్తంలో కనీసం సగం న్యూయార్క్, వర్జీనియా, పెన్సిల్వేనియాల పునరుద్ధరణకే ఖర్చుపెట్టాలని అక్కడే రాశారు. భద్రత పేరుతో, యుద్ధం పేరుతో మొత్తం సొమ్ము తరలిపోకుండా ముందే కట్ట వేశారు. రెండోది, అధ్యక్షుడి చేతికి మొత్తం ఒకేసారి ఇవ్వలేదు. పది బిలియన్లు వెంటనే, ఇంకో పది బిలియన్లు కాంగ్రెస్‌కు ముందుగా చెప్పి పదిహేను రోజులు ఆగాక, మిగిలిన ఇరవై బిలియన్లు మళ్ళీ చట్టం చేశాకే. దుఃఖంలో ఉన్న చట్టసభ కూడా తాళం చెవి తన దగ్గర ఉంచుకుంది.

బాధితుల పరిహార నిధిని ఆ నెలలోనే వేరే చట్టంతో పెట్టారు. కెన్నెత్ ఫైన్‌బర్గ్ అనే న్యాయవాదికి అప్పగిస్తే ఆయన 5,560 దరఖాస్తులకు ఏడు బిలియన్ డాలర్లకు పైగా పంచారు. పోయిన మనిషి సంపాదనను బట్టి మొత్తం లెక్కకట్టాలని చట్టం చెప్పింది, ఆయన అలాగే చేశారు. బ్యాంకరు ప్రాణానికి ఒక రేటు, గిన్నెలు కడిగే మనిషి ప్రాణానికి ఇంకో రేటు అయింది. మళ్ళీ ఇలాంటిది చేయాల్సి వస్తే అందరికీ సమానంగా ఇవ్వాలని ఆయనే తర్వాత అన్నారు. అక్కడి నుంచి మనం తీసుకోకూడనిది అదే. తీసుకోవలసింది ఇంకొకటి ఉంది. కూలిన భవనాల దుమ్ము పీల్చిన అగ్నిమాపక సిబ్బందికి, పారిశుధ్య కార్మికులకు ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు వచ్చాయి. మూసేసిన నిధిని 2011లో చట్టం చేసి మళ్ళీ తెరిచారు. 2019లో దాన్ని 2090 దాకా పొడిగించారు. బిల్లు పాస్ కావడానికి రోగులు ఆక్సిజన్ గొట్టాలతో వాషింగ్టన్ వెళ్ళి కూర్చోవలసి వచ్చింది, అది వేరే కథ. అయినా దాడి జరిగిన దాదాపు తొంభై ఏళ్ళ దాకా గాయం బతికి ఉండవచ్చని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది.

ఫ్రాన్స్ ఇంకా ముందే, 1986లో, ఒక హామీ నిధి పెట్టింది. దేశంలో ఇంటికో, కారుకో బీమా చేయించే ప్రతివాడి పాలసీ మీద ఏటా కొన్ని యూరోలు వసూలుచేసి అందులో వేస్తారు. ఫ్రాన్స్ గడ్డ మీద దాడి జరిగితే విదేశీయుడికీ ఆ నిధి వర్తిస్తుంది. లుంబినీ పార్కులో పోయిన సంగమ్‌నేర్ విద్యార్థుల్ని తలచుకుంటే ఆ ఒక్క వాక్యం విలువ నాకు అర్థమవుతుంది.

మనకు చట్టాలు చేసే వేగం లేదని ఎవరూ అనవద్దు. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి జరిగింది, ఆ డిసెంబరు 31 నాటికి జాతీయ దర్యాప్తు సంస్థ చట్టం అమల్లోకి వచ్చింది. ఐదు వారాలు! నేరస్తుణ్ణి పట్టుకునే సంస్థకు చట్టం ఉంది, బాధితుడి సాయం మాత్రం ఈనాటికీ హోం శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. మార్గదర్శకం మార్చడానికి ఒక సంతకం చాలు.

నేరస్తుడు దొరకడానికీ బాధితుడికి అన్నం దొరకడానికీ ముడిపెట్టకూడదని కూడా హైదరాబాదే మనకు నేర్పింది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురికి 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. గోకుల్ చాట్, లుంబినీ కేసులో 2018 సెప్టెంబరులో ఇద్దరికి ఉరిశిక్ష పడింది. మక్కా మసీదు కేసులో 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు నిర్దోషులని విడిచిపెట్టింది. అక్కడ పోయినవాళ్ళ పిల్లలకు, నేరం ఎవరిదో తేలలేదు కాబట్టి మీ నష్టానికి బాధ్యులు లేరని చెప్పగలమా? నేర విచారణ స్మృతిలో 357ఏ సెక్షన్ 2009 చివర్లో అమల్లోకి వచ్చింది. దోషి దొరకకపోయినా బాధితుడు న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని అది స్పష్టంగా చెప్పింది. ఇప్పుడది కొత్త నాగరిక సురక్షా సంహితలో 396వ సెక్షన్. ఈ సెక్షన్ ఉందని ఊళ్ళలో ఎంతమందికి తెలుసు?

మక్కా మసీదు పేలుడు తర్వాత ఇంకో రకం బాధితులు మిగిలారు. అనుమానం మీద పట్టుకెళ్ళి, జైలులో ఉంచి, చివరికి నిర్దోషులని తేలిన పాతబస్తీ యువకులు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళలో 20 మందికి మూడేసి లక్షలు, పట్టుకెళ్ళి వదిలిన ఇంకో 50 మందికి ఇరవై వేలు చొప్పున ఇచ్చింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం ఇవ్వడానికి చట్టంలో ఆధారం లేదని 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, సొమ్ము తిరిగి రాబట్టమంది. కోర్టు చట్టాన్ని చూసి తీర్పు చెప్పింది, నేను కాదనను. కానీ ఉత్తర్వు మీద నిలిచిన సాయం ఎంత బలహీనమైనదో చూడండి. ఆ యువకులు పోగొట్టుకున్న ఏళ్ళు నిజం, వాళ్ళకు ఇచ్చిన డబ్బే నిలవలేదు. పేలుడు వల్ల నష్టపోయినవాళ్ళ జాబితాలో నేను వాళ్ళను కూడా రాస్తాను. వినడానికి కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు.

పేలుడు జరిగిన వీధిలోని బండివాళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. పెద్ద దుకాణాలకు ఉగ్రవాద నష్టానికి బీమా దొరుకుతుంది. 2002లో మన బీమా కంపెనీలన్నీ కలిసి దాని కోసం ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి, జీఐసీ దాన్ని చూస్తుంది. తోపుడు బండికి ఏ పాలసీ ఉంటుంది? పోలీసులు చుట్టూ తాడు కట్టి వారం రోజులు వీధి మూస్తే పండ్లు కుళ్ళిపోతాయి, వడ్డీవాడు మాత్రం ఆగడు. 2020 నుంచి వీధి వ్యాపారులకు స్వనిధి రుణాల కోసం పేర్లు, గుర్తింపు కార్డులు మునిసిపాలిటీల దగ్గర ఉన్నాయి. ఆ జాబితాతో మూడో రోజునే ఒక్కొక్కరికి కొంత సొమ్ము వేయవచ్చు. కొత్తగా సర్వే అక్కరలేదు.

నేను కోరేది పెద్ద నిధి కాదు. ఇలాంటి దాడులు రోజూ జరగవు, జరగకూడదు. 2235 కింద బాధితుల పునరావాసం అని ఒక ఉప పద్దు తెరవమంటున్నాను. ఏడాదంతా అందులో టోకెన్ కేటాయింపుగా వెయ్యి రూపాయలు ఉన్నా చాలు, దాడి జరిగిన రోజు కలెక్టర్ టీఆర్ 27 కింద డబ్బు తీసి ఆ పద్దుకు రాయగలడు. ఆ పద్దు వెనుక శాసనసభ చేసిన చిన్న చట్టం ఉండాలి. ఎవరు ఏ రాష్ట్రం వారైనా ఈ గడ్డ మీద గాయపడితే ఒకే మొత్తం. వైకల్యం కొలతలో మనిషి చేసే పని చూడాలి. చికిత్స హామీకి గడువు ఉండకూడదు, పదేళ్ళ తర్వాత ఇనుప ముక్క కదిలినా అదే హామీ చెల్లాలి. బాధితుడు ఊరికి తిరిగివచ్చాక అతని ఫైలు కూడా అతని వెంట ఆ జిల్లాకు రావాలి. పేలుడు జరిగిన జిల్లా కలెక్టరేట్ చుట్టూ కుంటుకుంటూ అతను తిరగకూడదు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు రంగారెడ్డి రికార్డులు వికారాబాద్‌కు వచ్చాయి కదా, ఒక్క మనిషి రికార్డు రావడం అంత కష్టమా?

బడ్జెట్ సమావేశాల్లో పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు సాంఘిక భద్రత పద్దు వచ్చిన రోజున ఈ ఉప పద్దు గురించి ఒక్క ప్రశ్న వేయమని మన శాసనసభ్యులను కోరుతూ మీరంతా సంతకం చేయడానికి ఒక అర్జీ తయారుచేసి తెచ్చాను. తలుపు దగ్గర బల్ల మీద ఉంది. దాని పక్కనే 396వ సెక్షన్ కింద వికారాబాద్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టుకునే దరఖాస్తు నమూనా తెలుగులో రాసి ఉంచాను. మీ ఊళ్ళో, మీ బంధువుల్లో ఆ పేలుళ్ళలో దెబ్బతిన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక కాపీ తీసుకెళ్ళండి. నింపడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు సభ అయ్యాక ఆగితే నేను కూర్చుని నింపిపెడతాను.